ఎడారి సిపాయిలకు జీతం ఎవరిచ్చారు?



సారు పేరు ఈ వేదిక మీద పెద్దక్షరాల్లో రాసి ఉంది. నేను మాత్రం ఈ ఉపన్యాసమంతా 'సారు' అనే అంటాను. వనపర్తిలో ఆయన దగ్గర చదివినవాళ్లం ఎవరమూ ఆయన్ను పేరు పెట్టి తలుచుకోలేదు. ఇప్పుడు కొత్తగా నోరు తిరగదు. గద్వాల నుంచి, నాగర్‌కర్నూలు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన ఆయన శిష్యులు ముందు వరుసల్లో కూర్చున్నారు. వాళ్లకు నా అవస్థ తెలుసు.

ఇంగ్లీషు బోధన గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. సారు ఇంగ్లీషు ఎలా చెప్పేవారో ఆయన దగ్గర కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది, చెబితే తెలియదు. అందుకని ఆయన క్లాసులో చెప్పిన ఒక సినిమా కథ గురించి మాట్లాడతాను. ఆ కథ చివర ఆయన ఒక ప్రశ్న అడిగారు. నలభై ఏళ్లుగా ఆ ప్రశ్న నా వెంట తిరుగుతోంది. అసలు మాట్లాడదలుచుకున్నది దాని గురించి.

తొమ్మిదో తరగతి, గ్రామర్ పీరియడు. డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్ స్పీచ్ నడుస్తోంది. బల్ల మీద రెన్ అండ్ మార్టిన్ పుస్తకం, అట్ట ఊడిపోతే సారే మైదా పిండితో కాగితం అంటించింది. వెనక బెంచీలోంచి ఒకడు లేచి, "సార్, ఈ రెన్ ఎవరు సార్?" అన్నాడు. పాఠం తప్పించుకోవడానికే అడిగాడు. సారుకూ అది తెలుసు. అయినా పుస్తకం మూసేశారు.

పి.సి. రెన్ 1875లో పుట్టిన ఆంగ్లేయుడు. మన దేశానికి విద్యాశాఖ ఉద్యోగిగా వచ్చాడు, బొంబాయి ప్రెసిడెన్సీలో, కరాచీలో పనిచేశాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో కొంతకాలం సైన్యంలో ఉండి తూర్పు ఆఫ్రికా వెళ్లాడు. నవలలు కూడా రాశాడు. 1924లో అచ్చయిన 'బ్యూ జెస్ట్' ఆయనకు పెద్ద పేరు తెచ్చింది. ఫ్రాన్సు వాళ్ల ఫారిన్ లీజియన్ అనే పరదేశీ సేనలో, సహారా ఎడారిలో, ముగ్గురు అన్నదమ్ముల కథ. లీజియన్‌లో తానూ పనిచేశానని రెన్ చెప్పుకునేవాడు గానీ దానికి గట్టి రుజువు దొరకలేదు. మనం నామవాచకం, క్రియ అని బట్టీ పట్టిన ఆ పుస్తకం మీద ఉన్న పేరు, ఎడారి సాహసాలు రాసిన పేరు ఒకటేనంటే మేము నమ్మలేకపోయాం. క్లాసు క్లాసంతా ఆ అతుకుల పుస్తకం వంక కొత్తగా చూసింది.

తర్వాత రెండు పీరియడ్లు సినిమా చెప్పారు. 1939లో విలియం వెల్‌మన్ తీసిన 'బ్యూ జెస్ట్'. సారు కుర్రతనంలో సికింద్రాబాదులో చూశారట, మూడుసార్లు. అంతకుముందు 1926లో మూకీగా ఒకసారి వచ్చింది, 1966లో మళ్లీ తీశారు, కానీ జనం గుర్తుంచుకున్నది 1939దే. గ్యారీ కూపర్, రే మిలాండ్, రాబర్ట్ ప్రెస్టన్ అన్నదమ్ములు. వెల్‌మన్ కూడా మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు తరఫున యుద్ధ విమానం నడిపినవాడు. అందుకేనేమో అందులో సిపాయిల అలసట నాటకంలా ఉండదు.

నేను ఆ సినిమాను విన్న చాలా ఏళ్లకు చూశాను, వీడియో క్యాసెట్ రోజుల్లో. మొదటి దృశ్యం సారు చెప్పినట్టే ఉంది. ఇసుక మధ్య ఒంటరి కోట. పైన జెండా ఎగురుతోంది. గోడల మీద ప్రతి సందులోనూ ఒక సిపాయి తుపాకీ గురిపెట్టి నిలబడ్డాడు. సాయానికి వచ్చిన దళం కింద నుంచి పిలుస్తుంది. ఎవరూ పలకరు. దగ్గరికి వెళ్లి చూస్తే నిలబడ్డ వాళ్లంతా శవాలు. బతికినవాళ్లు తగ్గిపోతుంటే సార్జెంటు మార్కాఫ్ చచ్చినవాళ్లను లేపి గోడకు ఆనించి, చేతిలో తుపాకీ పెట్టి, కాపలా ఉంచాడు. లోపల ఇంకా నిండా సైన్యం ఉందని శత్రువు అనుకోవాలి. సారు ఈ ముక్క చెప్పేటప్పుడు లేచి నల్లబల్లకు వీపు ఆనించి, చాక్‌పీసు తుపాకీలా పట్టుకుని, కళ్లు ఆర్పకుండా అర నిమిషం నిలబడ్డారు. క్లాసులో ఊపిరి వినపడలేదు. బ్రయన్ డాన్‌లెవీకి ఆ సార్జెంటు వేషానికి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. మాకు మాత్రం సార్జెంటు అంటే ఆ అర నిమిషం సారే.

కథ మొదలు ఇంగ్లండులో. తల్లీతండ్రీ లేని ముగ్గురు పిల్లలను లేడీ బ్రాండన్ అనే పెద్దావిడ పెంచుతుంది. ఇంట్లో 'బ్లూ వాటర్' అనే నీలమణి ఉంటుంది. ఒక రాత్రి దీపాలు ఆర్పి వెలిగించేలోగా అది మాయం. ముగ్గురిలో ఎవరో తీశారు. తెల్లారేసరికి పెద్దవాడు లేడు. రెండోవాడు, మూడోవాడు కూడా వెనకే వెళ్లి, దొంగను నేనంటే నేనని నింద నెత్తినేసుకుని, ముగ్గురూ ఎడారి సేనలో తేలతారు. ఆ రాయి నకిలీదని, అసలుది పెద్దావిడ ఇల్లు గడుపుకోవడానికి ఎప్పుడో అమ్మేసిందని, ఆమె పరువు కాపాడటానికే పెద్దవాడు నకిలీని ఎత్తుకుపోయాడని చివర ఒక ఉత్తరంలో తెలుస్తుంది. అప్పటికి ఇద్దరన్నలూ పోయారు. చిన్నవాడు ఆ ఉత్తరం తెచ్చి ఆవిడ చేతిలో పెడతాడు. బ్యూ జెస్ట్ అంటే ఫ్రెంచిలో అందమైన చేత. మంచితనంతో చేసిన పని, చేసినవాడికే నష్టం తెచ్చే పని.

మేము ఏడ్చాం. దాచుకోవాల్సిన పనేముంది. మన ఊళ్లలో అన్నదమ్ముల కథంటే పొలం గట్ల పంచాయితీ, లేకపోతే రాముడూ లక్ష్మణుడూ. నాగర్‌కర్నూలు పేరు కూడా నాగన, కందన అనే అన్నదమ్ముల మీదుగానే వచ్చిందంటారు. అన్న నిందను తమ్ముడు మోయాలని పోటీపడటం మాకు కొత్త కాదు. వాళ్లు టోపీలు పెట్టుకుని ఇసుకలో నడవడమే కొత్త.

కథ అయిపోయాక సారు కండువాతో ముఖం తుడుచుకుని, "మంచిగుంది గద. ఇగ చెప్పుండ్రి. ఆ ముగ్గురికి జీతం ఎవరిచ్చిండ్రు?" అన్నారు.

"ఫ్రాన్సు సార్."

"ఫ్రాన్సుకు యాడికెల్లి వచ్చినయి పైసలు?"

ఎవరమూ చెప్పలేదు. గంట కొట్టారు. ఆయన వెళ్లిపోయారు. మర్నాడు అడిగితే, "చరిత్ర సారును అడగండి" అన్నారు. ఆ మాటలో ఒక దారి చూపించారని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఈ ప్రశ్న పెట్టుకుని సినిమాను మళ్లీ చూస్తే ఇంకొకటి కనపడుతుంది. ఫారిన్ లీజియన్‌ను ఫ్రాన్సు 1831లో పెట్టింది. అల్జీరియాను ఆక్రమించడం అప్పుడే మొదలైంది. సినిమాలో కోట మీదికి వచ్చే తువారెగ్ అనే ఎడారి తెగవాళ్లకు పేరు లేదు, మాట లేదు, ఇల్లు లేదు. ఇసుక దిబ్బ వెనక నుంచి గుంపుగా వస్తారు, గుంపుగా పడిపోతారు. ఆ ఎడారి వాళ్లదన్న సంగతి రెండు గంటల సినిమాలో ఎవరి నోటా రాదు. ఆ ఇసుక కూడా ఆఫ్రికాది కాదు, అమెరికాలో యూమా దగ్గరి దిబ్బలు. నవలలో సార్జెంటుది ఫ్రెంచి పేరు, లెజోన్. ఫ్రాన్సు నొచ్చుకోకుండా సినిమాలో అతణ్ని మార్కాఫ్ అనే రష్యన్ పేరుకు మార్చారు. ఫ్రాన్సు నొచ్చుకుంటుందని అంత శ్రద్ధ పడ్డవాళ్లు, తువారెగ్‌లు నొచ్చుకుంటారని అనుకోలేదు. ఆ సినిమా మీద నాకున్న ప్రేమ ఇది తెలిశాక తగ్గలేదు. కానీ ప్రేమించిన దాన్ని గుడ్డిగా చూడొద్దని నేర్పింది సారే.

ఇక మన వాకిట్లోకి వస్తాను.

సినిమా కోట మట్టి కోట. గద్వాల కోటా మట్టి కోటే. సోమనాద్రి కట్టించిన కోట, లోపల చెన్నకేశవస్వామి గుడి, ఆ పక్కనే మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరు మీద ప్రభుత్వ డిగ్రీ కాలేజీ. ఈ మధ్య వాన వెలిశాక అక్కడికి వెళ్లాను. తడిసిన మట్టి గోడలో గరుసు పలుకులు పైకి తేలి మెరుస్తున్నాయి. గోడలో ఒక పిడచ ఊడి కింద పడి ఉంటే ఒక అమ్మాయి దాని మీద కాలు ఆనించి చెప్పు పట్టీ సరిచేసుకుంటోంది. తుపాకీ పెట్టే సందులో పిచ్చుక గూడు. ఇంత పెద్ద మట్టి గోడ ఎత్తడానికి ఎన్ని వందల గంపలు, ఎన్ని చేతులు? గోడ వెనక నిలబడ్డ సిపాయిల గురించి మనకు కథలున్నాయి. గంప మోసినవాళ్ల గురించి లేవు.

గద్వాల, వనపర్తి, కొల్లాపురం రాజుల జటప్రోలు, గోపాలుపేట, అమరచింత. ఈ సంస్థానాలు నిజాముకు పేష్కష్ అనే కప్పం కట్టి, లోపల తమ ఏలుబడి తాము చేసుకునేవి. సొంత సిబ్బంది, సొంత గుర్రాలు ఉండేవి. వాటిలో వనపర్తి సైన్యం కథ వేరు. పందొమ్మిదో శతాబ్దంలో వనపర్తిని ఏలిన రాజా రామేశ్వరరావు దగ్గర ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీల గుర్రపు దళం ఉండేది. దానికి తోడు బల్లెం పట్టే లాన్సర్ల దళం. రాజు తర్వాత ఆ ఆఫ్రికన్ దళం నిజాం సైన్యంలో చేరింది. నిజాముకు అంగరక్షకులుగా, ఊరేగింపుల్లో ముందు నడిచే గుర్రపువాళ్లుగా పేరు పడింది. ఆఫ్రికన్ క్యావల్రీ గార్డ్స్. ఇవాళ హైదరాబాదులో మాసాబ్ ట్యాంకు దగ్గర ఏసీ గార్డ్స్ అనే బస్తీ ఉంది కదా, అది వాళ్ల లైన్లు ఉన్న చోటు.

మన జిల్లా నుంచి ఆస్పత్రులకని, ఆఫీసులకని ఆ వైపు వెళ్లినవాళ్లు ఎంతోమంది. ఏసీ అంటే చల్లమిషను అనుకుని దాటిపోతాం. నేనూ చాలాకాలం అలాగే దాటాను. ఆ రెండక్షరాల వెనక వనపర్తి ఉందని తెలిసిన రోజు బస్సు దిగి, ఆ వీధుల్లో నడిచాను. ఒక పెళ్లి ఇంటి ముందు మర్ఫా కొడుతున్నారు. నలుగురు కుర్రాళ్లు వలయంగా నిలబడి, వెడల్పాటి డప్పులు ఛాతీకి ఎత్తుకుని వేళ్లతో, అరచేత్తో వాయిస్తున్నారు. ఒకడు ఇత్తడి బిందెను మెడ దగ్గర పట్టుకుని కట్టెతో కొడుతున్నాడు. ఆ బిందె మోత మిగతా వాయిద్యాల కిందినుంచి వచ్చి నేరుగా కడుపులో దిగుతుంది. మధ్యలో ఒక నడివయసు మనిషి నోట్లో కత్తి కరుచుకుని చేతులు చాచి తిరుగుతున్నాడు. వాళ్ల ముత్తాతలు ఏ ఓడలో వచ్చారో, అందులో ఎందరు స్వేచ్ఛగా వచ్చారో, ఎందరిని అమ్మితే వచ్చారో, ఆ దెబ్బలో అంతా ఉందనిపించింది. మన దగ్గర పెళ్లి బరాతుల్లో వినే మర్ఫా ఈ సిద్దీలూ అరబ్బులూ తెచ్చిందే. సైన్యం పోయింది, దరువు మిగిలింది.

వనపర్తి రాజులు చెరువులు తవ్వించి వాటికి సముద్రాలని పేరు పెట్టారు, సప్త సముద్రాలు. శ్రీరంగాపురం రంగసముద్రం వాటిలో ఒకటి. ఆ సముద్రాల నీటి కింద పండిన వడ్లే నిజమైన సముద్రం దాటి వచ్చిన గుర్రపువాళ్లకు జీతమయ్యాయి. సారు ప్రశ్నకు మొదటి జవాబు నాకు అక్కడ దొరికింది. ఆఫ్రికన్ గార్డుకు జీతం ఇచ్చింది రాజే కావచ్చు, రాజుకు ఇచ్చింది రైతు. శిస్తు, నీటి తీరువ, వెట్టి.

అదే వంశంలో చివరి రాజా జె. రామేశ్వరరావు స్వాతంత్ర్యం తర్వాత దౌత్యవేత్తగా ఆఫ్రికాలో పనిచేశారు, మహబూబ్‌నగర్ నుంచి లోక్‌సభకు వెళ్లారు, ఓరియంట్ లాంగ్మన్ ప్రచురణ సంస్థను నడిపారు. ఒక తరంలో ఆఫ్రికా మనుషులు ఈ ఇంటికి కాపలా కాశారు. ఇంకో తరంలో ఈ ఇంటి మనిషి ఆఫ్రికాకు దేశ ప్రతినిధిగా వెళ్లాడు. రాజ ప్రాసాదంలో ఇప్పుడు పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తోంది. సారు శిష్యుల్లో ముప్పాతిక మంది అక్కడే డిప్లొమా చేశారు.

ఎడారి సిపాయిలంటే మాత్రం అసలు కథ అరబ్బులది. రెన్ ఊహించిన దానికంటే పెద్ద కథ. ఎడారి, మట్టి కోట, అన్నదమ్ములు, డబ్బు, పరువు, అన్నీ ఉన్నాయి. జరిగిన చోటు మాత్రం హైదరాబాదు.

అరేబియా దక్షిణ కొసన హద్రమౌత్ అనే ఎడారి లోయ. షిబామ్ పట్టణం అక్కడిదే, పచ్చి ఇటుకతో అయిదారంతస్తుల మేడలు కట్టిన ఊరు. 1982లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. కరువు పడితే, తెగల మధ్య రక్తం కారితే, ఆ లోయ మగవాళ్లు సముద్రం దాటేవాళ్లు. అలా దక్కనుకు వచ్చి నిజాం కొలువులో చేరినవాడు ఉమర్ బిన్ అవద్ అల్ కుఐతీ. సిపాయిల గుంపుకు జమేదారయ్యాడు. అప్పట్లో అరబ్బు జమేదారంటే ఉత్త సైనికుడు కాదు. సర్కారుకూ, నవాబులకూ అప్పులిచ్చేవాడు. అప్పు తీరేదాకా తాలూకాల శిస్తును తాకట్టు పట్టుకునేవాడు. ఖజానా ఖాళీ, సైన్యానికి జీతం బాకీ, బాకీకి బదులు భూమి వసూలు. ఇంగ్లీషు వాళ్ల బాకీ కింద బేరారు, మన గద్వాల నడిగడ్డ పక్కనున్న రాయచూరు అంతర్వేది కూడా 1853లో వాళ్ల చేతికి పోయాయి. రాయచూరు 1860లో తిరిగి వచ్చింది, బేరారు రాలేదు. అదే 1853లో దివాను అయిన మొదటి సాలార్ జంగ్ మిగతా జీవితమంతా ఈ తాకట్లు విడిపించడంతో, జమేదార్ల చేతిలోంచి శిస్తు వసూలు తప్పించడంతో గడిపాడు.

ఉమర్ 1865లో పోయాడు. హైదరాబాదులో సంపాదించిన సొమ్ములో కొంత భాగం స్వదేశంలో ఖర్చు పెట్టాలని వీలునామా రాశాడు. కొడుకులు దాన్ని నిలబెట్టారు. అన్నదమ్ముల్లో కొందరు ఇక్కడ కొలువు చేస్తూ డబ్బు, మనుషులను పంపారు. కొందరు అక్కడ కత్తి పట్టారు. 1867లో షిహర్ రేవు, 1881లో ముకల్లా వాళ్లవయ్యాయి. కొడుకుల్లో ఒకడైన అవద్‌కు నిజాం ఇచ్చిన బిరుదు సుల్తాన్ నవాజ్ జంగ్. బిరుదులో సుల్తాను ఇక్కడ, నిజం సుల్తాను అక్కడ. ఆయన వారసులు హైదరాబాదు కొలువూ హద్రమౌత్ సింహాసనమూ రెండూ చూసుకున్నారు. ఆ సుల్తనతు 1967 దాకా నడిచింది. వాళ్లతో పోరాడిన కథీరీ, అవ్లఖీ వర్గాలకు కూడా హైదరాబాదు సైన్యంలో జమేదార్లు ఉన్నారు. ఎడారిలో జరిగిన యుద్ధానికి రెండు పక్షాల డబ్బూ ఇక్కడి నుంచే పోయింది.

సినిమా అన్నదమ్ములు నకిలీ రాయి కోసం ఎడారికి పోయారు. ఈ అన్నదమ్ములు ఎడారి నుంచి ఇక్కడికి వచ్చి, ఇక్కడి డబ్బుతో ఎడారినే కొన్నారు. ఆ డబ్బు ఎవరిది? దక్కను జొన్న చేలది. తాకట్టు పడ్డ తాలూకాలో చెప్పులు లేని రైతుది. అరబ్బు సిపాయి ఇంటి ముందు ధర్నా కూర్చుంటే బాకీదారు ఇంటిల్లిపాదీ తిండి మానేసిన కాలం అది. ఆ సిపాయి కూడా ఆకలికే వచ్చాడన్నది మరో నిజం. ఈ రెండింటిలో ఒకటే చెప్పి ఊరుకుంటే చరిత్రకు ద్రోహం. ఆ సిపాయిల లైన్లు ఉన్న చోటు ఇవాళ్టి బర్కస్. ఇంగ్లీషు బ్యారక్స్ మన నోట్లో పడి బర్కస్ అయింది. అక్కడి జామకాయలు మన సంతల్లోకీ వస్తాయి. రంజాను నెలలో ఊరంతా తినే హలీం వాళ్ల వంటింట్లోంచి వచ్చిందే, గోధుమ, మాంసం కలిపి గంటల తరబడి గరిటెతో మెదిపే వంట.

మన పక్క నుంచి ఎడారికి వెళ్లిన సిపాయిలూ ఉన్నారు. 1914లో యుద్ధం మొదలవగానే హైదరాబాదు, మైసూరు వంటి సంస్థానాల లాన్సర్లను కలిపి ఒక అశ్విక బ్రిగేడు చేసి ఈజిప్టు పంపారు. జోధ్‌పూర్ లాన్సర్లు తర్వాత అందులో చేరారు. సూయెజ్ కాలువ కాపలా. 1915 ఫిబ్రవరిలో తుర్కీ సైన్యం సినాయ్ ఎడారి దాటి కాలువ మీదికి వచ్చింది. తర్వాత పాలస్తీనా, జోర్డాన్ లోయలో 1918 వేసవి. సముద్ర మట్టానికి కింద ఉన్న ఆ లోయలో ఎండ, దుమ్ము, మలేరియా. 1918 సెప్టెంబరు 23న హైఫా పట్టణం మీద గుర్రాలతో దూకినవి జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లు. హైదరాబాదు దళానికి ఖైదీల కాపలా పడింది. కీర్తి అంతా గుర్రం దూకించిన వాళ్లకు, ఖైదీలకు నీళ్లు పట్టించినవాళ్లకు ఒక వాక్యం. ఆ లాన్సర్ల ఖర్చు భరించింది ఏడో నిజాం. నిజాముకు ఎవరిచ్చారో మళ్లీ అడగక్కర్లేదు.

ఢిల్లీలో తీన్‌మూర్తి చౌరస్తా అందరం చూసిందే. 1922లో నిలబెట్టిన మూడు కంచు విగ్రహాలు, ఆ మూడు సంస్థానాల లాన్సర్లకు గుర్తు. తలపాగా, బల్లెం, మూడు దిక్కులకు ముఖాలు. శిల్పి లియొనార్డ్ జెన్నింగ్స్. 2018లో దానికి తీన్‌మూర్తి హైఫా చౌక్ అని పేరు పెట్టారు. ముగ్గురు అన్నదమ్ముల్లాగే ఉంటారు. మొదటిసారి వాళ్లను చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది గ్యారీ కూపర్ కాదు, నల్లబల్లకు ఆనుకుని నిలబడ్డ సారు.

ఈ సిపాయిల పేర్లు మన జిల్లా చరిత్రల్లో ఎందుకు లేవు? రాజుల చరిత్ర రాసినవాళ్లు వాళ్లను బలగం కింద లెక్కేశారు. ప్రజల చరిత్ర రాసినవాళ్లు వాళ్లను రాజు మనుషులని వదిలేశారు. మన గద్వాల ప్రాంతం నుంచే వచ్చిన సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' వెలువరించి, ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆట ఆడారు అన్నది చరిత్రేనని నిలబెట్టారు. 1952లో ఇదే వనపర్తి నుంచి ఆయన శాసనసభకు ఎన్నికయ్యారు. ఆ దారిలో నడిస్తే సిద్దీ గుర్రపువాడి డప్పూ, అరబ్బు వంటింటి గరిటే, గంప మోసిన పాలమూరు కూలీ చేతి కాయలూ ఒకే పుస్తకంలోకి రావాలి. ఆ పుస్తకం ఇంకా రాలేదు. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత నిజాం దళాలు రద్దయ్యాయి, వాటి మనుషులు మాత్రం ఏసీ గార్డ్స్‌లో, బర్కస్‌లో ఉండిపోయారు. వాళ్ల మనవలను, మునిమనవలను కలిసి మాట్లాడే పని ఈ హాల్లో ఉన్న చరిత్ర విద్యార్థులు ఈ ఏడాదే మొదలుపెట్టాలని నా వేడుకోలు. కాలేజీ బస్సు పాసు చాలు.

ఒక సంగతి చెప్పి ఆపుతాను. సారు ఉత్తరాలు చదివిపెట్టేవారని ముందు వరుసలో వాళ్లకు గుర్తుండే ఉంటుంది. సాయంత్రం ఇంటి అరుగు మీద కూర్చుంటే పక్క ఊళ్ల నుంచి కూడా వచ్చేవాళ్లు. మొదట్లో బొంబాయి ఉత్తరాలు, ప్రాజెక్టు పనులకు పోయిన మేస్త్రీల ఉత్తరాలు. పాలమూరు లేబరు లేని ఆనకట్ట ఈ దేశంలో ఎక్కడుంది? తర్వాత్తర్వాత గల్ఫ్ ఉత్తరాలు రావడం మొదలైంది. నేను పదో తరగతిలో ఉండగా ఒక రోజు ఒక ముసలమ్మ కొంగులో ముడేసుకుని నీలి రంగు ఎయిరోగ్రాం తెచ్చింది. ఇద్దరు కొడుకులూ సౌదీ పోయారు, ఒకే ఏజెంటు ద్వారా, ఒకే విమానంలో. ఉత్తరం రాసింది చిన్నవాడు.

సారు చదివారు. పని బాగుంది, డ్రాఫ్టు పంపిస్తున్నా, బర్రెను అమ్మకు, అని. ముసలమ్మ అంతా విని, "పెద్దోడు యాడున్నడు సారూ, కలిసిండా?" అంది. సారు కాగితం మళ్లీ కళ్ల దగ్గరికి తీసుకుని, "శుక్రారం శుక్రారం అన్న రూంకు వస్తున్నడు, కలిసే తింటున్నం" అని చదివారు. ఆమె ముఖం తేటపడింది. జవాబు రాయడానికి అడ్రసు ఎక్కించుకోమని సారు ఆ ఉత్తరం నా చేతికిచ్చారు. నేను మొత్తం చదివాను. అన్నను వేరే కంపెనీ వాళ్లు ఎడారిలోకి, గొర్రెల మందలు కాసే పనికి తీసుకుపోయారు, మూడు నెలలైంది, జాడ తెలియలేదు, అమ్మకు చెప్పకండి సారూ అని ఉంది. శుక్రవారం మాట ఎక్కడా లేదు.

నేను తలెత్తి చూశాను. సారు నా వైపు చూడలేదు. ముసలమ్మ లేస్తూ, "ఇద్దరికీ ఒకటే ఉత్తరం రాయి సారూ, ఒక్కకాడనే ఉన్నరు గద, పైసలు దండుగ ఎందుకు" అంది.

"సరే అవ్వా" అన్నారు సారు.

ఆమె గల్లీ మలుపు తిరిగేదాకా ఆగి, జేబులోంచి డబ్బులు తీసి, పోస్టాఫీసుకు పోయి రెండు ఎయిరోగ్రాంలు తెమ్మన్నారు.